దుప్పటి కప్పిన ముఖం

గురువారం తెల్లవారేసరికి క్రెయిగీబర్న్ మొత్తంలో ఆలియా ముఖం ఒక్కటి కూడా మిగల్లేదు.

లీల ముందు రౌండెబౌట్ దగ్గర గమనించింది. నిన్న సాయంత్రం దాకా అక్కడ వరసగా నిలబడి, వచ్చే పోయే కార్లకేసి నవ్విన ఎన్నికల బోర్డులు మాయం. గాలికి పడిపోయి ఉంటాయనుకుంది. మెల్‌బోర్న్ శివార్ల గాలికి చెత్తడబ్బాలే రోడ్డు దాటి వెళ్తాయి, ప్లాస్టిక్ బోర్డు ఎంత! కానీ స్కూలు వీధిలో లేవు. మసీదు మలుపులో లేవు. ఇండియన్ కొట్ల ముందు లేవు. ఇంటివాళ్ళని అడిగి మరీ పచ్చిక మీద పాతినవి కూడా లేవు. అవతలి అభ్యర్థి బ్రెట్ హాలోరన్ మాత్రం ప్రతి మలుపులోనూ నీలం టై కట్టుకుని నిక్షేపంగా నవ్వుతున్నాడు.

గాలికి పార్టీ ఉండదు. ఎవరో తీశారు.

ఎల్లుండే పోలింగు.

లీల కారు వేగం పెంచింది. విజయవాడ వదిలి ఇరవై ఏళ్ళు దాటిన మనిషి. ఒక కంపెనీలో ప్రాజెక్టులు నడిపే ఉద్యోగం. ఆలియా ప్రచారం నడపడానికి సెలవు పెట్టి మరీ వచ్చింది. ఆలియా రాష్ట్ర పార్లమెంటు సభ్యురాలు. పోయినసారి ఒక పెళ్ళి భోజనానికి వచ్చేంతమంది ఓట్ల తేడాతో గెలిచింది. ఈసారి ఆ పెళ్ళివాళ్ళు అటు తిరిగితే చాలు, సీటు పోతుంది.

ఆఫీసు ముందు వంశీధర్ రెండు చేతులూ చాపి, దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. పత్రికలతో, టీవీలతో మాట్లాడే పని అతనిది. హైదరాబాద్ కుర్రాడు, నెమ్మదిగా మాట్లాడటం చేతకాదు.

"అక్కా, ఆగు! Don't touch anything. ఇది crime scene."

"బోర్డులు పోయాయని నాకు తెలుసులేరా."

"బోర్డులు కాదు. పైకి చూడు."

లీల తలెత్తింది. వరండా పైన గోడ పొడవునా కట్టిన పెద్ద బ్యానర్‌ని తీయలేకపోయారు. దాని మీద తెల్లటి గుడ్డ కప్పారు. ఆలియా నుదురు నుంచి గడ్డం దాకా ఏమీ కనిపించడం లేదు. పురికొసతో అడ్డంగా, నిలువుగా బిగించి కట్టారు.

లీల రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"చూశావా? ముఖానికి తెల్లగుడ్డ. కఫన్ అది, శవానికి కప్పేది. లేదంటే ముసుగు వేసుకో అని వెక్కిరింపు. ఎలా చూసినా hate crime. టీవీవాళ్ళకి చెప్పేశా, పదకొండింటికి ఇక్కడికే వస్తారు. దీని ముందే మేడమ్ నిలబడి హాలోరన్ పేరు చెప్తుంది. Finish."

"హాలోరన్ చేశాడని నీకెవరు చెప్పారు?"

"అతని బోర్డులు ఎందుకు ఉన్నాయి మరి? ఫేస్‌బుక్‌లో మన సబర్బ్ గ్రూపు చూడక్కా, జనమే తిడుతున్నారు అతన్ని."

లీల కుర్చీ వేసుకుని ఎక్కి గుడ్డని దగ్గరగా చూసింది. గుడ్డ అంచులు లోపలికి మడిచి ఉన్నాయి, గాలికి చిరగకుండా. మధ్యలో మడతల గీతలు చక్కగా, కత్తితో గీసినట్టు ఉన్నాయి. పురికొస ఆఖరి ముడి మీద ఎర్రటి మైనం ముద్ద కరిగించి, దాని మీద ఏదో గుండ్రటిది అదిమారు.

"వంశీ, బెదిరించేవాడు దుప్పటి ఇస్త్రీ చేసుకుని వస్తాడా?"

"Serial killers చేస్తారక్కా. వాళ్ళు చాలా పద్ధతిగా ఉంటారు."

అప్పుడే ఆలియా కారు ఆగింది. దిగి, తలెత్తి చూసింది.

ఆలియా నంద్యాల పిల్ల. నర్సింగు చదవడానికి అడిలైడ్ వచ్చింది. అక్కడి మాసన్ లేక్స్ పేటలో నలుగురు అమ్మాయిలతో ఒక ఇల్లు పంచుకుని, పొద్దున యూనివర్సిటీకి, సాయంత్రం వృద్ధుల హోముకి పరుగులు పెట్టింది. తొలి ఉద్యోగం టూవూంబా ఆస్పత్రిలో. అక్కడ ఒక డ్యూటీలో, పల్నాడు నుంచి కొత్తగా వచ్చిన గర్భిణి నొప్పి ఎక్కడో చెప్పలేక మంచం కమ్మీ పట్టుకుని ఏడుస్తుంటే, వార్డులో ఆమె మాట అర్థమైంది ఆలియాకి ఒక్కదానికే. తన షిఫ్టు కాకపోతే ఆమె ఏమయ్యేది? ఆ ప్రశ్న ఆలియాని వదల్లేదు. నర్సుల యూనియన్‌కి తీసుకెళ్ళింది. మెల్‌బోర్న్ మారాక స్థానిక కౌన్సిల్‌కి, అక్కణ్ణించి రాష్ట్ర పార్లమెంటుకి తీసుకెళ్ళింది. సభలో తొలి ప్రసంగం తొలి వాక్యం ఆమె తెలుగులో చెప్పినప్పుడు గ్యాలరీలో కూర్చున్న తండ్రి లేచి నిలబడ్డాడు. కూర్చోమని ఉద్యోగి వచ్చి చెవిలో చెప్పినా కూర్చోలేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె మూడు విషయాల మీదే పట్టుబట్టింది. ఆస్పత్రుల్లో ఏ వేళకైనా ఫోన్లో మాట మార్చి చెప్పే దుబాసీ. కొత్త కాలనీలకి బస్సు. పరాయి దేశంలో చదివిన నర్సుల చదువుని ఇక్కడ త్వరగా గుర్తించడం. మొదటిది సాధించింది. బస్సు తిరుగుతోంది, ఆ బస్సు వెనక సీట్లో ఎవరో పిల్లలు ఆమె పేరు కూడా గీకారు. మూడోది మిగిలింది. వార్డులు నడిపిన చేతులు సూపర్‌మార్కెట్ అరల్లో టిన్నులు సర్దుతున్నాయని ప్రతి సభలోనూ చెప్పేది. మళ్ళీ గెలిస్తే పెట్టే తొలి బిల్లు అదే. ఓడితే అది ఎవరి సొరుగులో పడుతుందో ఎవరికీ తెలియదు.

"ఏందక్కా ఇది?" అంది ఆలియా.

"కనుక్కుంటాను. అప్పటిదాకా ఎవరి పేరూ ఎత్తకు."

"పేరెత్తకుండా ఎట్ల? ఇంత కాలం పనిచేసింటే, చివరికి నా మొహానికి గుడ్డ కప్పుతారా?" బ్యానర్‌కేసి వేలు చూపించింది. తర్వాత వీధి అటూ ఇటూ చూసింది. "మా అబ్బాకి మాత్రం చెప్పొద్దక్కా. బీపీ ఉంది. ఇది చూస్తే తట్టుకోలేడు."

"పదకొండు దాకా టైమివ్వు నాకు. తప్పు మనిషిని అన్నామంటే, సీటు సంగతి అలా ఉంచు, నీ మాటకి విలువ పోతుంది. రేపు నర్సుల కోసం నువ్వు లేచి మాట్లాడితే ఎవరు వింటారు?"

ఆలియా దుప్పటికేసి చూస్తూనే తలూపింది.

లీల కారెక్కిందో లేదో ఫోను మోగింది. బ్రెట్ హాలోరన్. ఇళ్ళ బ్రోకరు, క్రికెట్ క్లబ్బు అధ్యక్షుడు, ఊళ్ళో సగంమంది తాళాలు ఒకప్పుడు అతని చేతుల్లోంచి వచ్చినవే. ఎప్పుడూ గలగలలాడే మనిషి గొంతు పొడిగా ఉంది. తన మనుషులెవరూ ఆ పని చేయలేదని, పొద్దుట్నించి తన కూతురి ఫోనుకి కూడా బూతులు వస్తున్నాయని చెప్పాడు. ఆలియా కెమెరా ముందు ఏం మాట్లాడుతుందో ఆమె ఇష్టం, కానీ తన మాట మీద నమ్మకం ఉంటే కాస్త ఆగమన్నాడు. ఫోన్ పెట్టేస్తూ ఒక వింత కూడా చెప్పాడు. మసీదు మలుపులో నిన్న గాలికి పడిపోయిన అతని బోర్డు పొద్దున చూస్తే నిటారుగా నిలబడి ఉందట. అడుగున రాయి పెట్టి బిగించి మరీ ఉందట. నిలబెట్టింది అతనివాళ్ళు కాదట.

లీల కారు పక్కకి ఆపేసింది.

శత్రువు బోర్డులు పీకేవాడు ఉంటాడు. ఒకరి బోర్డులు పీకి, ఇంకొకరి బోర్డు నిలబెట్టి, ఇస్త్రీ దుప్పటి కప్పి, ముడి మీద ముద్ర వేసేవాడు ఎవడు?

ఫోన్లో తీసుకున్న బ్యానర్ ఫోటో మళ్ళీ చూసింది. ఎర్రటి మైనం ముద్ర. ఎక్కడో చూసింది ఇది. ఎక్కడ? చిన్నప్పుడు. అమ్మ చేతి మీద! అమ్మ టీచరు. ఎలక్షన్ డ్యూటీ చేసి మర్నాడు ఇంటికొస్తే, పెట్టెలకి సీలు వేసిన లక్క వేళ్ళకి అంటుకుని, గోళ్ళతో గీకితేగానీ వదిలేది కాదు. ఆ రోజుల్లో బెజవాడ బందరు రోడ్డు పొడవునా నాయకుల విగ్రహాలన్నీ ఎలా ఉండేవి? నెత్తి నుంచి మోకాళ్ళ దాకా గుడ్డ కప్పి, పురికొసతో కట్టేసి! ఓట్లు అయ్యేదాకా ఏ నాయకుడి ముఖమూ జనానికి కనపడకూడదని.

కఫన్ కాదు. వెక్కిరింపు కాదు. ఎలక్షన్ కోడ్!

ఆస్ట్రేలియాలో విగ్రహాలకి గుడ్డ కప్పరు. పోలింగు రోజు కూడా బోర్డులు వీధుల్లోనే ఉంటాయి. అది తెలియనివాడు, మన దేశపు కోడ్ నరనరానా ఎక్కినవాడు, ఆలియా ముఖం నలగకుండా దుప్పటి ఇస్త్రీ చేసేవాడు క్రెయిగీబర్న్‌లో ఒక్కడే ఉన్నాడు.

లీల కారు తిప్పింది.

ఆలియా తండ్రి గియాసుద్దీన్ గారింటి గ్యారేజీ తలుపు మూసి ఉంది. దాని ముందు మడత కుర్చీ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, ఒడిలో ఫ్లాస్కుతో కేశవరావు కూర్చుని ఉన్నాడు. వరంగల్‌లో హెడ్మాస్టరుగా చేసి, కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దమనిషి. ఈ పేటలో పొద్దున్నే నడకకి వెళ్ళే రిటైరైన పెద్దల దండులో గియాసుద్దీన్ గారికి కుడిభుజం. గ్యారేజీ తాళం మీద ఎర్రటి మైనం ముద్ర.

"అంకుల్, తలుపు తీయండి."

"తియ్యరాదమ్మా. స్ట్రాంగ్ రూమ్ అది."

"ఏంటండీ!"

"స్ట్రాంగ్ రూమ్. సీలు వడ్డది. శనివారం ఓట్లు అయ్యేదాంక రెండు పార్టీల ఏజెంట్లు రాకుంట తీసుడు లేదు. నువ్వొక పార్టీ. గా హాలోరన్ మనిషిని గూడ తోల్కరా పో."

"అంకుల్, లోపల ఉన్నవి మా బోర్డులు!"

"గవే గద. జాగ్రత్తగున్నయి. ఛాయ్ తాగుతవా?"

ఇంట్లోంచి షంషున్నీసా బయటికొచ్చింది. గియాసుద్దీన్ గారి భార్య.

"లీలా, బాగున్నావా? నా తెల్ల దుప్పటి ఏమైందో ఎవురూ చెప్పరు. పండక్కని దాచిపెట్టుకుంటి. ఈయన పొద్దున్నే ఇస్త్రీ పెట్టె తీసినాడు. ఎన్నడూ ముట్టని మనిషి, ఏమబ్బా అనుకుంటి."

"దుప్పటి దొరికింది ఆంటీ. అంకుల్‌ని పిలవండి."

గియాసుద్దీన్ గారు నిమ్మచెట్టుకి నీళ్ళు పెట్టి, పైపు చుట్టి, నవ్వుకుంటూ వచ్చాడు. డెబ్భై దాటినా నడుము వంగని మనిషి. వేలికి వెండి ఉంగరం, దాని మీద చెక్కిన పువ్వు.

"చూసినావా లీలా? నమాజు కాంగానే మొదలుపెట్టినాం. జనం లేసే లోపల క్లియర్. ఒక్క గుంత వదల్లేదు, అన్నీ పూడ్చి గడ్డి పరిచినాం. మీ ఆఫీసు బ్యానరొకటే ఎక్కడం కాలేదు, కవరు చేసినా. నీకు ఫోన్ చేద్దామనుకుంటి, పాపం నిద్రపోతాంటావని ఊరకున్నా."

మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్న ముఖం అది. అయినా లీల చెప్పింది. నిన్న టీవీలో చెప్పిన ప్రకటనల నిషేధం టీవీకి, రేడియోకి మాత్రమేనని, వీధి బోర్డులకి కాదని చెప్పింది. జనం హాలోరన్‌ని తిడుతున్నారని, ఆలియా అతని పేరు చెప్పడానికి సిద్ధమవుతోందని చెప్పింది.

గియాసుద్దీన్ గారు మడత కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఆ మనిషిని తిడతాండారా? నేను చేసినదానికి?"

లీల అప్పటికే ఆలియాకి ఫోన్ చేస్తోంది. "ఏమీ మాట్లాడకు. అబ్బా ఇంటికి రా. ఇప్పుడే."

ఆలియా వచ్చింది. వెనకే వంశీధర్ వచ్చాడు. అతని వెనకే, ఏదో జరుగుతోందని పసిగట్టిన టీవీ అమ్మాయి, కెమెరా మనిషి వచ్చి వీధి చివర ఆగారు. హాలోరన్‌ని లీలే పిలిచింది.

గియాసుద్దీన్ గారు సీలు విరిచి గ్యారేజీ తలుపు ఎత్తాడు. బోర్డులన్నీ గోడకి ఆనించి వరసగా ఉన్నాయి. ఒక్కదానికి కూడా మట్టి లేదు, తుడిచారు. ముఖాలు గీసుకుపోకుండా ప్రతి రెంటి మధ్యా పాత తువ్వాలో, లుంగీయో, దినపత్రికో పెట్టి ఉంది. ఆలియా చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్ళు నిండాయి.

"అబ్బా... ఇక్కడ తీయక్కర్లేదు అబ్బా."

"ఇప్పుడే తెలిసింది బేటీ."

వంశీధర్ ఆలియాని పక్కకి లాగాడు. "మేడమ్, listen. మనం ఎవరి పేరూ చెప్పొద్దు. 'విచారిస్తున్నాం' అందాం. అంతే. Two days. అది అబద్ధం కాదు కదా! జనం వాళ్ళంతట వాళ్ళే హాలోరన్ అనుకుంటారు, sympathy wave అదే వస్తుంది. మీ నాన్నగారే అని తెలిస్తే రాష్ట్రమంతా నవ్వుతుంది. సీటు పోతుంది, నర్సుల బిల్లూ పోతుంది."

అతను చెప్పింది తప్పు లెక్కేమీ కాదు. లీలకి తెలుసు. ఆలియాకి ఇంకా బాగా తెలుసు. రెండు రోజుల మౌనం, అంతే. ఆలియా బోర్డుల వరసకేసి చూసింది, వీధి చివర కారు దిగుతున్న హాలోరన్‌కేసి చూసింది. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వడం లేదు.

"ఆయన కూతురికి కూడా బూతులు పంపినారంట వంశీ. నా పేరు చెప్పి." ఆమె చున్నీ సర్దుకుంది. "కెమెరా పిలువు. హాలోరన్ నా పక్కనే నిలబడాల. నేనే చెప్తా."

"నువ్వు చెప్పేదేంది?" అన్నాడు గియాసుద్దీన్ గారు. "చేసింది నువ్వా?"

"అబ్బా, నవ్వుతారు..."

"నవ్వనీ. ఉండు, వస్తాండా."

లోపలికి వెళ్ళాడు. బయటికొచ్చేసరికి బూడిదరంగు సఫారీ సూటు వేసుకుని ఉన్నాడు, ఎలక్షన్ డ్యూటీలకి వేసుకునేది. బూట్లు మెరుస్తున్నాయి. షంషున్నీసా వెనకాలే వచ్చి కాలరు సరిచేసింది. దుప్పటి ఊసెత్తలేదు. కెమెరా ముందుకి వెళ్ళి, మైకుకేసి కాకుండా హాలోరన్‌కేసి తిరిగి నిలబడ్డాడు. ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి లీల పక్కన నిలబడింది.

"నా పేరు గియాసుద్దీన్. నంద్యాల తహసీల్దారు ఆఫీసులో పనిచేసి రిటైరైనా. ఈమె నా బిడ్డ. ఆ బోర్డులన్నీ తీసింది నేనే. బ్యానరుకు దుప్పటి కట్టింది నేనే, దాని మీద సీలు నా ఉంగరానిదే. ఈ కేశవరావుకు గానీ, మా నడక వాళ్ళకు గానీ సంబంధం లేదు, పిలిస్తే వచ్చినారు."

"నిచ్చెన వట్టింది నేనే!" అన్నాడు కేశవరావు వెనక నుంచి.

"సరే, నిచ్చెన ఈయన పట్టినాడు. మా దేశంలో ఓటుకు రెండు దినాల ముందర ప్రచారం బందు సార్. మైకు బందు, జెండా బందు. ఆ బందు చేయించేది నా పని. మంత్రి బ్యానరు కూడా పీకించినా. ఆయన మనుషులు జీపుకు అడ్డం పండుకున్నారు, అయినా పీకించినా. నిన్న ఇక్కడ టీవీలో బందు అని చెప్పినారు. పొద్దున మసీదుకు పోతా చూస్తే నా బిడ్డ ఫోటోలు రోడ్డంతా ఉండాయి. మందికి రూలు చెప్పినోణ్ణి, నా బిడ్డ కాడికి వచ్చేసరికి కండ్లు మూసుకుంటానా? ఈమె గెలిస్తే గెలవాల, ఓడితే ఓడాల, కానీ గియాసుద్దీన్ బిడ్డ రూలు తప్పి గెలిచిందని ఒక్క నోరు అనకూడదు. అందుకే తీసినా. మీవి పీకే అధికారం నాకిప్పుడు లేదు. ఇక్కడ రూలు వేరే అంట. అడగాల్సింది, అడగలేదు. అది నా తప్పు. మీ మీద మాట వచ్చింది, మీ బిడ్డను తిట్టినారు, దానికి మాఫీ అడుగుతాండా. సాయంత్రం లోపల ఒక్కొక్క బోర్డు నా చేత్తోనే మళ్ళీ నాటుతా. మసీదు మలుపులో మీ బోర్డు పడిపోయి ఉండె. దాన్ని నిలబెట్టింది కూడా నేనే సార్. దానికి మాత్రం సారీ చెప్పను."